తెల్ల గడి దగ్గర ఆగండి

అందరికీ నమస్కారం. పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండమ్మా, బొమ్మలు కనపడాలి. వెనక ఉన్న పెద్దవాళ్ళకు కనపడకపోతే చెప్పండి, పుస్తకం పట్టుకుని నేనే మీ వరసల్లోకి వస్తాను.

ముందు ఒక పేజీ చూపిస్తాను. ఇదుగో. ఇందులో ఏం కనపడుతోంది? ఏమీ లేదు కదా. గళ్ళున్నాయి, చుట్టూ గీతలున్నాయి. లోపల బొమ్మ లేదు. అక్కడక్కడా ఒకటి రెండు వాక్యాలు, అంతే. మొదటిసారి చూసినప్పుడు అచ్చు సరిగ్గా పడలేదనుకున్నాను. లైటు కింద పట్టుకుని మళ్ళీ చూశాను. బొమ్మ మాయమైన ఆ చోట కళ్ళు మాయమవుతున్నాయని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

ఇది జపాన్ చిత్రకారిణి ఫుమియో కోనో గీసిన కథ. 2004లో పుస్తకంగా వచ్చింది. పేరు ‘యూనగి నో మాచి, సకురా నో కుని’. యూనగి అంటే సముద్రం ఒడ్డు ఊళ్ళలో సాయంత్రం పూట గాలి కాసేపు స్తంభించే వేళ. పగలు సముద్రం మీంచి వచ్చే గాలి ఆగిపోయి, రాత్రి నేల మీంచి వెళ్ళే గాలి ఇంకా మొదలుకాని ఆ సందు. ఊరు హిరోషిమా. కథ జరిగేది 1955లో, బాంబు పడిన పదేళ్ళకు.

మినామి అని ఒక అమ్మాయి. నది ఒడ్డున గుడిసెల్లో తల్లితో ఉంటుంది. ఆఫీసులో పనిచేస్తుంది. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు చెప్పులు అరిగిపోతాయని విప్పి చేత్తో పట్టుకుంటుంది. ఆడవాళ్ళ స్నానాలశాలలో అందరి వీపుల మీదా కాలిన మచ్చలే. ఎవ్వరూ దాని గురించి మాట్లాడరు. ఆఫీసులో ఒక అబ్బాయికి ఈమె అంటే ఇష్టం. ఈమెకూ ఇష్టమే. అతను దగ్గరికొచ్చేసరికి మాత్రం వంతెన కింద ఆ రోజు చూసిన శవాలు కళ్ళముందుకొస్తాయి. బతికి ఉన్నందుకు, ఇంకొకరికి నచ్చినందుకు ఆమె సిగ్గుపడుతుంది. మనసు గట్టి చేసుకుని సంతోషంగా ఉందాం అనుకున్న వెంటనే జబ్బు పడుతుంది. పదేళ్ళు ఒంట్లో కాచుకుని కూర్చున్న జబ్బు. చూపు పోతుంది. అప్పుడే గళ్ళు తెల్లబడతాయి. మనం ఆమె కళ్ళతోనే చూస్తున్నాం కాబట్టి మనకూ ఏమీ కనపడదు. ఆమె మనసులో మాట ఒక్కటే వినపడుతుంది. బాంబు వేసినవాళ్ళు, పదేళ్ళ తర్వాత కూడా ఇంకొకరిని చంపగలిగామని సంతోషిస్తున్నారా అని అడుగుతుంది.

బాంబు పడిన రోజును కోనో పెద్ద బొమ్మగా ఎక్కడా వేయలేదు. పొగ గొడుగు లేదు. ఖాళీ గడి ఉంది. మొత్తం ముప్ఫై చిల్లర పేజీల కథ. దీన్ని నేను పదిసార్లు చదివి ఉంటాను. ప్రతిసారీ ఆ తెల్ల గళ్ళ దగ్గరే పేజీ తిప్పలేక ఆగిపోతాను.

అందుకే ఇవాళ మీతో గడి గురించి మాట్లాడదామని వచ్చాను. కామిక్ అనండి, గ్రాఫిక్ నవల అనండి, బొమ్మల కథ అనండి, పేరు ఏదైనా దాని ప్రాణం బొమ్మలో ఎంతుందో గడిలో, గడికీ గడికీ మధ్య ఉన్న సందులో అంత ఉంటుంది. ఒక గడిలో బావి గట్టు మీద వంగిన పిల్లవాడు. పక్క గడిలో తాడూ గిలకా మాత్రమే. మధ్యలో ఏమైందో ఎవరూ గీయలేదు. మీ గుండె గుభేలుమంది కదా, ఆ బొమ్మ మీరు గీసుకున్నారు. సినిమాలో మన చేత ఆ పని చేయించరు, ఒక వేగం పెట్టి లాక్కుపోతారు. ఇక్కడ ఎంతసేపు ఆగాలో చదివేవాడి చేతిలో ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళు స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. ఈ సంగతి నాకు తెలియజెప్పింది నా క్లాసులో ఒక ఏడో తరగతి పిల్లవాడు. పాఠం జరుగుతుంటే బల్ల కింద కామిక్ పెట్టుకుని చదువుతున్నాడు. అప్పట్లో అందరు మాస్టార్లూ చేసినట్టే నేనూ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం తర్వాత వాడి నోట్సు చూస్తే వెనక పేజీల నిండా స్కేలు పెట్టి గీసిన గళ్ళు. చక్కటి గళ్ళు, ఒక్క బొమ్మ లేదు. ఇదేంట్రా అన్నాను. “తర్వాత ఏమైందో తెల్వదు సార్, అందుకని గళ్ళు గీసి పెట్టుకున్న” అన్నాడు. ఆ మధ్యాహ్నమే బీరువా తీసి పుస్తకం ఇచ్చేశాను. కానీ ఆ వారం రోజులు వాడి దగ్గర్నుంచి నేను తీసుకున్నది ఏమిటో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, హిరోషిమా సంగతి పూర్తి చేస్తాను. కోనో పుస్తకం చదివినవాళ్ళు దానికి ముందు వచ్చిన ‘హదషి నో గెన్’ కూడా చదవాలి. గెన్ అనే కుర్రాడి కథ, పేరులోనే చెప్పులు లేని గెన్ అని ఉంది. గీసింది కెయిజి నకజావా. 1945 ఆగస్టు 6న ఆయనకు ఆరేళ్ళు. బడి గోడ పక్కన నిలబడి ఉండబట్టి బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు కూలిన ఇంటి కింద ఇరుక్కుని మంటల్లో పోయారు. తల్లి అదే రోజు వీధిలో ఆడపిల్లను కన్నది, ఆ పసిబిడ్డ కూడా కొన్ని నెలలకు పోయింది. ఆ ఏడాది చివరికి ఆ ఒక్క ఊళ్ళో చనిపోయినవాళ్ళు సుమారు 1,40,000 మంది అంటారు. నకజావా పెద్దయి టోక్యో వెళ్ళి పిల్లల పత్రికల్లో బొమ్మలు వేసుకుంటూ, బాంబు ఊసు ఎత్తకుండా చాలా ఏళ్ళు గడిపాడు. 1966లో తల్లి పోయింది. దహనం అయ్యాక ఎముకలు ఏరుకోవడం వాళ్ళ ఆచారం, మన అస్థి సంచయనం లాంటిదే. బూడిదలో చెప్పుకోదగ్గ ఎముక ఒక్కటి కూడా దొరకలేదు. అమ్మ ఎముకలు కూడా ఆ బాంబే తినేసింది అన్న కోపంతో ఆయన గీయడం మొదలుపెట్టాడు. 1973లో, మగపిల్లలు చదివే ఒక వారపత్రికలో ‘గెన్’ మొదలైంది. పది సంపుటాలయింది.

నకజావా ఏదీ దాచడు. చర్మం వేలాడుతున్న మనుషుల్ని కూడా గీస్తాడు. చేయి మొరటుగా ఉంటుంది, మొహాలు అరుస్తుంటాయి. కోనో పక్కన పెడితే గట్టిగా తలుపు బాదుతున్నట్టు ఉంటుంది. అయినా రెండూ కావాలి. చూసినవాడు అరిచాడు, తర్వాత తరంలో పుట్టిన కోనో ఖాళీ గడి వదిలింది. ఆమె పుట్టింది 1968లో, అదే హిరోషిమాలో. రెండిటికీ ఇంగ్లీషు అనువాదాలున్నాయి, హిందీలో కూడా వచ్చాయి. జపనీస్ నుంచే నేరుగా హిందీలోకి తెచ్చింది తొమొకో కికుచి అనే ఆవిడ. హిందీ కూడబలుక్కుని చదవగలిగితే చాలు, గెన్ మీకు అందుతాడు.

తెల్ల గళ్ళు చూశారు. ఇప్పుడు నల్ల గళ్ళు. ఇది కొరియా పుస్తకం, పేరు ‘పుల్’, అంటే గడ్డి. గీసినావిడ కుమ్ సుక్ జాండ్రీ కిమ్. కొరియన్‌లో 2017లో, ఇంగ్లీషులో 2019లో వచ్చింది. లీ ఓక్ సన్ అనే అవ్వ జీవితం. పేద ఇంటి పిల్ల, బడికి వెళ్ళాలని ఆశ. పెంచుకుంటామంటే తల్లిదండ్రులు ఒక హోటలువాళ్ళకిచ్చి పంపారు, అక్కడ పనిమనిషిని చేశారు, అక్కణ్ణుంచి ఇంకోచోటికి అమ్మేశారు. 1942లో వీధిలో నడుస్తుంటే పట్టుకుని చైనా తరలించారు. జపాన్ సైన్యం నడిపిన శిబిరంలో పెట్టారు. యుద్ధం అయిపోయాక కూడా చైనాలోనే ఉండిపోయి, 2000లో కొరియాకు తిరిగొచ్చింది. పెద్ద పిల్లలు, పెద్దవాళ్ళు చదవాల్సిన పుస్తకం ఇది. చిన్నపిల్లలకు ఇప్పుడే ఇవ్వకండి.

కిమ్ కుంచెతో, నల్ల సిరాతో గీసింది. చెట్లు, పొలాలు, చలికాలపు కొమ్మలు చూడండి, తడి కుంచె ఒక్క విసురులో వెళ్ళినట్టుంటాయి. ఆ పిల్ల మీద జరిగిన దౌర్జన్యం దగ్గరికి వచ్చేసరికి గళ్ళన్నీ నల్లగా నిండిపోతాయి. వరసగా నల్లటి గళ్ళు. ఆమె ఒంటిని మనకు చూపించదు. చూపిస్తే మనం కూడా ఆ గదిలో నిలబడి చూసినవాళ్ళం అవుతాం కదా. ఆ మర్యాద నాకు ఎంతో గొప్పగా అనిపించింది. ‘గెన్’లో తండ్రి కొడుకుతో చలికాలంలో తొక్కితే ఇంకా గట్టిగా లేచే గోధుమ మొక్కలా ఉండమంటాడు. ఇక్కడ తొక్కినా లేచే గడ్డి. మనం గరిక అంటాం. జపాన్ పిల్లవాడికీ, జపాన్ సైన్యం చెరపట్టిన కొరియా అమ్మాయికీ ఒకే పోలిక కుదిరింది.

ఇక మన నేల మీదికి వస్తాను. గళ్ళ కథలు మనకు పరాయివి కావు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారుల పటాలు ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. ఖద్దరు గుడ్డ, దాని మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు పూసి ఆరబెడతారు. బొమ్మల వెనక ఎర్రరంగు. ముప్ఫై అడుగులు, నలభై అడుగులు, ఇంకా పొడుగు కూడా ఉంటుంది. కథను వరసలు వరసలుగా, మధ్యలో పూల అంచు పెట్టి గీస్తారు. కథకుడు చుట్ట విప్పుతూ ఒక్కో వరస దగ్గర కర్ర పెట్టి పాడతాడు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ, మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్పేవారు. ఎవరి కులానికి వాళ్ళ కథ, ఎవరి కథకు వాళ్ళ పటం. బడి గడప తొక్కనివ్వని మనుషులకు కూడా తమ పుట్టుకను బొమ్మల్లో చూపించే పుస్తకం ఒకటి ఉండేది. చుట్టి సంకలో పెట్టుకుని ఊరూరా తిరిగే పుస్తకం.

ఆ మాట చెప్పాక అంబేడ్కర్ బొమ్మల కథ ‘భీమాయన’ చేతిలోకి తీసుకోవడం సులువు. 2011లో ఢిల్లీలో నవయాన ప్రచురణ. బొమ్మలు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం. మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు, భార్యాభర్తలు. రచన శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. మన ఆదిలాబాద్‌లో పర్ధాన్లు రాజ్‌గోండుల కథలు పాడేవాళ్ళు, కీక్రి అనే తీగవాద్యం వాయిస్తూ. ఆ పేరున్నవాళ్ళే, అటువైపు పాటలోంచి బొమ్మలోకి వచ్చారు.

దీనికి ఆధారం అంబేడ్కర్ స్వయంగా రాసుకున్న ‘వీసా కోసం ఎదురుచూస్తూ’ అనే చిన్న రచన. అందులో మొదటిది 1901 నాటి సంగతి. ఆయనకు అప్పటికి పదేళ్ళు నిండలేదు. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం. సెలవులకు రమ్మన్నాడని అన్నతో, అక్క పిల్లలతో కొత్త బట్టలు వేసుకుని రైలెక్కి మసూర్‌లో దిగారు. ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు ప్రేమగానే పలకరించి, మీరెవరు అన్నాడు. మహర్ కులంవాళ్ళమని పిల్లవాడు చెప్పేశాడు. ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోనన్నారు. చివరికి ఒకడు, రెట్టింపు బాడిగ ఇస్తే, బండి పిల్లలే తోలుకుంటే, తాను పక్కన నడుస్తానన్నాడు. రాత్రయింది. టిఫిన్లు ఉన్నాయి, నీళ్ళు లేవు. సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర దీపం కనపడింది. బండివాడు సలహా ఇచ్చాడు, ముస్లింలమని చెప్పండి, నీళ్ళు దొరకొచ్చు అని. పిల్లవాడు వెళ్ళి ఉర్దూలో అడిగాడు. మీకోసం నీళ్ళు ఎవరు పెట్టారు, గుట్ట మీద ఉన్నాయి పోయి తెచ్చుకో అన్నాడు సుంకం వసూలు చేసేవాడు. ముందు అన్నం పెట్టుకుని, నీళ్ళు లేక తినకుండా ఆ పిల్లలు పడుకున్నారు.

ఇప్పుడు పేజీలు చూడండి. గళ్ళు లేవు. ఒక్క చదరం కూడా లేదు. వ్యాం దంపతులు మా మనుషుల్ని డబ్బాల్లో పెట్టం అన్నారట. వాళ్ళ ఇళ్ళ నేల మీద, గోడల మీద ఆడవాళ్ళు వేసుకునే దిగ్నా అనే ముగ్గు ఉంది. ఆ ముగ్గు వంపులతోనే పేజీని విడగొట్టారు. గాలి ఆడుతుంటుంది. ఊరి బయట ఉంచి, బావి దగ్గరికి రానివ్వక, సత్రంలోంచి గెంటేసిన మనిషి కథను మళ్ళీ నాలుగు గీతల మధ్య బిగించకుండా వదలడం కన్నా సరైన పని ఇంకేముంటుంది? తెలంగాణలో దొరల గడీ అన్న మాటకు ఎంత బరువుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రైలు పాము. కోట ఒక క్రూరమృగం. మాటల బుడగలు చూడండి, ఇది పిల్లలకు బాగా పట్టుకుంటుంది. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను గీశారు, మనోనేత్రం. ఒకసారి ఇది తెలిశాక మీరు అక్షరం చదవకముందే మాట కుడుతుంది. మా అమ్మాయి క్లాసులో ఇంగ్లీషు రాని పిల్లలు ఎవరు మంచివాళ్ళో, ఎవరు కాదో బుడగల్ని బట్టి చెప్పేశారు.

ఇదే ప్రచురణకర్తలు అదే ఏడాది ‘ఎ గార్డెనర్ ఇన్ ద వేస్ట్‌లాండ్’ వేశారు. జోతిబా ఫూలే 1873లో రాసిన ‘గులాంగిరి’కి బొమ్మల రూపం. రచన శ్రీవిద్య నటరాజన్, బొమ్మలు అపరాజిత నైనన్. నలుపు తెలుపుల్లో, వాదనకు దిగినట్టుండే పుస్తకం. బొమ్మలుగా భీమాయన అంత లోతుగా నాకు అనిపించలేదు, ఉన్న మాట చెబుతున్నాను. కానీ ఫూలే అసలు గ్రంథమే ప్రశ్న జవాబుల సంభాషణ కావడంతో బుడగల్లో చక్కగా ఇమిడింది.

వీటన్నిటికన్నా ముందు, 1994లోనే ఒరిజిత్ సేన్ ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ గీశారు. మన దేశంలో మొదటి గ్రాఫిక్ నవల ఇదేనని చాలామంది అంటారు. కల్పవృక్ష అనే పర్యావరణ బృందం వేసింది. కొద్ది ప్రతులే అచ్చయి, చాలా ఏళ్ళపాటు దొరకలేదు. 2022లో చెన్నైలోని బ్లాఫ్ట్ వాళ్ళు మళ్ళీ వేశారు. నర్మద మీద ఆనకట్టలు, మునిగే ఆదివాసీ ఊళ్ళు. ఢిల్లీ నుంచి వచ్చిన విష్ణు అనే విలేకరి, ఇళ్ళలో పనిచేసే రేల్కు అనే ఆదివాసీ అమ్మాయి, సృష్టి కథ పాడే మల్గు గాయన్. ఈనాటి సంగతులు కలం గీతల్లో, పాటలోని సృష్టి పెన్సిల్ నీడల్లో ఉంటాయి. రెండు చేతులు గీసినట్టుంటుంది. పాట ముగిసి పెన్సిల్ పోయి కలం వచ్చినచోటల్లా ఏదో తెగినట్టు అనిపిస్తుంది. గోదావరి ఒడ్డున దేవీపట్నం వైపు కొండరెడ్ల, కోయల ఊళ్ళు తెలిసినవాళ్ళు ఈ పుస్తకాన్ని పరాయి నది కథలా చదవలేరు.

మాలిక్ సజాద్ ‘మున్నూ’ను ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, దానికి ఒక పూట కావాలి. 2015లో వచ్చింది. శ్రీనగర్ బాల్యం. కాశ్మీరీలందర్నీ హంగుల్ జింకలుగా గీశాడు. హంగుల్ అక్కడ అంతరించిపోతున్న జింక. ఇంతకన్నా చెప్పను, చదవండి.

మన సొంత మనిషి ఒకాయన మిగిలారు. బుజ్జాయి. దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి, కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ‘డుంబు’ అనే అల్లరి పిల్లవాణ్ణి తెలుగు వారపత్రికకు ఇచ్చినవారు. పంచతంత్రాన్ని రంగుల బొమ్మల కథగా ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాకు గీసినవారు. తండ్రి పాటలు నోటికి వచ్చినవాళ్ళు ఈ సభలో సగం మంది ఉంటారు. కొడుకు గీసిన నక్క తోక వంపు గుర్తున్నవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. ఆ చేతులెత్తినవాళ్ళను అడుగుతున్నాను, మీ ఇళ్ళలో అటక మీద పాత ప్రతులుంటే ముందు చెదలు పట్టకుండా చూడండి, తర్వాత స్కాన్ చేయించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను. ఇది మాట వరసకు అనడం లేదు, నా ఫోన్ నంబరు గేటు దగ్గర తమ్ముడి దగ్గర రాసి పెట్టాను.

పుస్తకాలన్నీ ఈ బల్ల మీద పెడుతున్నాను. రాత్రి ఎనిమిదింటిదాకా హాలు మనదే. పిల్లలు భీమాయన, గెన్ మొదటి సంపుటం తీసుకోండి. ‘పుల్’ పెద్దవాళ్ళకు. కోనో పుస్తకం ఒక్కటే ప్రతి ఉంది, ఒకరి తర్వాత ఒకరు చదవాలి. అందులో ఎర్ర దారం పెట్టిన చోట తెల్ల గళ్ళు మొదలవుతాయి. దారం దగ్గర తెరవకండి. మొదటి పేజీ నుంచి, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే దగ్గర్నుంచి రండి.